కనపడని దానిని చూపడం: మూడు తరగతుల చలనచిత్రాలపై ఒక సామాన్య ప్రేక్షకుని అభిప్రాయాలు

చలనచిత్రం కంటికి కట్టే కళ. నవలలో వర్ణన ద్వారా ఊహించుకొనవలసినదీ, నాటకంలో పాత్రల నోట వినవలసినదీ తెరమీద నేరుగా ఎదుట నిలుస్తుంది. ఈ బలమే ఆ కళకు ఒక చిక్కును కూడా తెచ్చిపెట్టినది. కనపడే వస్తువును చూపడంలో దానికి సాటి రాగల కళ లేదు. కాని కనపడని వస్తువు మాట ఏమిటి? తలుపు వెనుక పొంచి ఉన్న అపాయం, ఇంకా రాని కాలం, కంటికి గోచరించని దైవం - వీటిని కెమెరా ఏ విధంగా పట్టుకొనగలదు?

ఈ మూడు అదృశ్య వస్తువులనూ మూడు తరగతుల చిత్రాలు తమ సొంతం చేసుకొన్నవి. థ్రిల్లర్ అనే పేరుతో లోకవ్యవహారంలో ఉన్న ఉత్కంఠ చిత్రం మొదటిదానినీ, సైన్స్ ఫిక్షన్ అనబడే వైజ్ఞానిక కల్పనా చిత్రం రెండవదానినీ, బైబిలు కథలనూ క్రైస్తవ జీవితాన్నీ చిత్రించే క్రైస్తవ చిత్రం మూడవదానినీ స్వీకరించినవి. విమర్శకులు వీటిని వేరువేరు అరలలో పెట్టి పరిశీలిస్తారు. వాటి ప్రేక్షకులు కూడా వేరువేరని అనుకోవడం కద్దు. కాని టిక్కెట్టు కొని చీకటిలో కూర్చునే సామాన్య ప్రేక్షకునికి ఈ అరలతో పని లేదు. ఒకనాడు హంతకుని వెంట, మరొకనాడు అంతరిక్ష నౌకలో, వేరొకనాడు శిలువ పాదం వద్ద అతడు అదే కళ్ళతో, అదే గుండెతో ఉంటాడు. ఈ వ్యాసకర్త ఆ కోవలోని వాడే. కెమెరా కటకాల సంగతి, దృశ్యాల కూర్పు సంగతి నాకు తెలిసినది స్వల్పం. చూచిన చిత్రాలలో ఏది మనస్సున నిలిచినదో, ఏది హాలు గుమ్మం దాటగానే జారిపోయినదో మాత్రం తెలుసు.

ఆ అనుభవాన్ని ఆధారం చేసుకొని ఒక అభిప్రాయాన్ని తోటి రచయితల ముందు ఉంచుతున్నాను. అదృశ్యమైన వస్తువును పట్టి తెచ్చి తెరమీద నిలబెట్టిన చిత్రం సాధారణంగా ఓడిపోతుంది. ఆ వస్తువు ఎదురుపడినప్పుడు మనిషి ఏమైనాడో చూపిన చిత్రం నెగ్గుతుంది. ఈ సూత్రం మూడు తరగతులకూ ఒక్కటే. ఇది కేవలం సినిమావారికి సంబంధించిన విషయమూ కాదు. అపరాధ పరిశోధక నవలను చిన్నచూపు చూచే మనం, వైజ్ఞానిక కథను పిల్లలకు వదలిపెట్టే మనం, భక్తి రచనను మహిమల జాబితాగా కూర్చే మనం ఇందులో నేర్చుకొనవలసినది ఉన్నది.

ముందుగా ఉత్కంఠ చిత్రాన్ని తీసుకొందాం. ఈ తరగతి పాశ్చాత్యుల నుంచి వచ్చినదే అయినా, అది కదిలించే భావాలు మన ఆలంకారికులకు కొత్తవి కావు. భరతుడు పేర్కొన్న ముప్పది మూడు వ్యభిచారి భావాలలో శంక, త్రాసం, ఔత్సుక్యం అనేవి ఉన్నవి. ఉత్కంఠ చిత్రం ఈ మూడింటి మీద నడుస్తుంది. భయానక రసానికి భయమే స్థాయి అయినా, ఆ భయం నిలవాలంటే శంక దానికి ముందు నడవాలి. ఔత్సుక్యం దానిని వెనుక నుంచి తోయాలి. ఒక్క త్రాసమే ఉన్నప్పుడు ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు, మరుక్షణం నవ్వుతాడు. ఉలికిపాటు రసం కాదు.

ఈ భేదాన్ని ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ కంటె తేటగా చెప్పినవారు అరుదు. ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా ట్రూఫోతో ఆయన జరిపిన సంభాషణలు 1966లో గ్రంథరూపంలో వెలువడినవి. అందులో ఆయన ఇచ్చిన ఉదాహరణ ప్రసిద్ధమైనది. ఇద్దరు వ్యక్తులు బల్ల దగ్గర కూర్చుని ఏదో పిచ్చాపాటి మాట్లాడుతుంటారు. బల్ల కింద బాంబు ఉన్నది. ఆ సంగతి ప్రేక్షకునికి తెలియకపోతే, అది పేలినప్పుడు అతనికి కలిగేది పదిహేను సెకన్ల ఆశ్చర్యం. బాంబు ఉన్నదనీ, ఫలానా వేళకు పేలుతుందనీ ముందే తెలిస్తే, అదే పిచ్చాపాటి అతనిని పదిహేను నిమిషాలు కుర్చీకి కట్టివేస్తుంది. కథను దాచడం వల్ల కాక, చెప్పడం వల్లనే ఉత్కంఠ పుడుతున్నదన్నమాట. మనం సాధారణంగా అనుకొనేదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం.

ఆయన తన మాటకు తానే లక్ష్యం చూపాడు. 1958 నాటి 'వర్టిగో' చిత్రంలో ఒక పెద్ద రహస్యం ఉన్నది. మరొక దర్శకుడైతే దానిని చివరి దృశ్యం వరకూ పదిలంగా దాచి ఉండేవాడు. హిచ్‌కాక్ మూడింట రెండు వంతుల కథ గడిచేసరికే దానిని మనకు విప్పివేశాడు. కథానాయకునికి మాత్రం చెప్పలేదు. అక్కడి నుంచి మన ప్రశ్న మారిపోతుంది. రహస్యం ఏమిటన్నది పోయి, అది తెలిసిననాడు ఈ మనిషి ఏమైపోతాడన్నది మిగులుతుంది. మొదటి ప్రశ్న బుద్ధికి సంబంధించినది, రెండవది హృదయానికి సంబంధించినది. బుద్ధికి సంబంధించిన చిత్రాన్ని రెండవసారి చూడలేము. రామాయణం ఎరిగినవారే రామాయణాన్ని మళ్ళీ మళ్ళీ వింటున్న దేశంలో ఈ సంగతిని విస్తరించి చెప్పనక్కరలేదు.

కనపడని ఘోరాన్ని కనపడే అల్ప వస్తువుతో సూచించడానికి జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన 'ఎమ్' ఉత్తమ నిదర్శనం. పసిపిల్లలను చంపే ఒక ఉన్మాది కథ అది. ఎల్సీ అనే బాలిక హత్యను లాంగ్ చూపలేదు. తల్లి కూతురి కోసం అన్నం పళ్ళెం పెట్టి ఎదురుచూస్తుంటుంది. మెట్ల వరుస ఖాళీగా ఉన్నది. పళ్ళెం ఖాళీగా ఉన్నది. పొదల మాటు నుంచి పిల్ల ఆడుకొనే బంతి దొర్లివచ్చి ఆగిపోతుంది. హంతకుడు ఆ పిల్లకు కొనిపెట్టిన బుడగ పైకెగిరి తీగలలో చిక్కుకుంటుంది. అంతే. నెత్తురు లేదు, కేక లేదు. కాని ఆ పళ్ళెం చూచిన తల్లి ఎవరైనా దానిని మరచిపోగలదా? తొంభై ఏళ్ళు దాటినా ఆ దృశ్యం పాతబడలేదు. లెక్కలేనన్ని హత్యలు చూపిన తరువాతి చిత్రాలు ఎన్నో పాతబడినవి.

1960 నాటి 'సైకో'ను దీనికి వ్యతిరేకంగా ఎత్తిచూపేవారు ఉన్నారు. అందులో స్నానాల గదిలో జరిగే హత్య లోకమంతటా పేరు పొందినది కదా అంటారు. నిజమే, కాని ఆ హత్య జరిగేది ఒక నిమిషం లోపే. చిత్రం నలుపు తెలుపులలో ఉన్నది. కత్తి శరీరంలో దిగడం ప్రేక్షకుడు చూచినట్లు భావిస్తాడే గాని, తెరమీద అది దాదాపు లేదు. మనం చూచినది ముక్కలు ముక్కలుగా ఒక ముఖం, ఒక చేయి, పారే నీరు. మిగిలినది మనమే కల్పించుకొన్నాము. మనం కల్పించుకొన్నది గనుకనే అది మనలను వదలదు.

ఆన్రీ జార్జ్ క్లూజో 1953లో తీసిన 'వేజెస్ ఆఫ్ ఫియర్'లో నేరస్థుడంటూ ఎవడూ లేడు. చమురు బావిలో మంటలు ఆర్పడానికి నైట్రోగ్లిజరిన్ అనే పేలుడు ద్రవాన్ని నలుగురు మనుష్యులు రెండు లారీలలో తీసుకుపోతారు. కుదుపు తగిలితే లారీ మిగలదు. కాని దర్శకుడు లారీలను వెంటనే కదిలించడు. ఈ మనుష్యులు దిక్కులేక పడి ఉన్న ఆ దక్షిణ అమెరికా ఊరినీ, పనిలేని రోజులనూ, బయటపడే దారి లేని దారిద్ర్యాన్నీ చాలాసేపు చూపుతాడు. వాళ్ళు ప్రాణాలకు తెగించి ఆ పని ఒప్పుకొనడానికి కారణం మనకు పూర్తిగా బోధపడిన తరువాతనే చక్రాలు కదులుతాయి. అందువల్ల రోడ్డు మీది ప్రతి గుంటా మన గుండెలో దిగుతుంది. ఉత్కంఠకు మూలం పేలుడు పదార్థం కాదు, ఆకలి.

తెలుగులో వంశీ 1985లో తీసిన 'అన్వేషణ'ను పలువురు ఇప్పటికీ తలచుకొంటారు. అందులోనూ గుర్తుండిపోయేది హంతకుని పేరు కాదు. చెట్ల నడుమ నిశ్శబ్దమూ, ఆ నిశ్శబ్దంలో అడుగు వేయడానికి జంకే మనిషీ. దీనికి భిన్నంగా, చివరి నిమిషంలో ఎవరూ ఊహించని వ్యక్తిని హంతకునిగా నిలబెట్టడమే నేర్పు అనుకొనే చిత్రాలు వస్తూనే ఉన్నవి. అవి ప్రేక్షకుణ్ణి ఓడించి సంతోషిస్తాయి. ఓడిపోయిన ప్రేక్షకుడు మరొకసారి ఆ ముంగిట అడుగు పెట్టడు.

ఇక వైజ్ఞానిక కల్పన. ఇది అద్భుత రసానికి చెందినది. దానికి స్థాయి విస్మయం. ఉత్కంఠ చిత్రంలో అదృశ్య వస్తువు తలుపు వెనుక ఉంటే, ఇక్కడ అది కాలం వెనుక ఉన్నది. ఫ్రెంచి దేశస్థుడు జార్జ్ మెలియెస్ 1902లోనే చంద్రలోక యాత్రను చిత్రించాడు. మానవుడు చంద్రుని మీద నిజంగా కాలుమోపడానికి అది 67 ఏళ్ళ ముందు మాట. చందమామకు ముఖం ఉండడం, ఆ ముఖంలోని కంట్లో తూటా వంటి వాహనం గుచ్చుకొనడం ఈనాడు మనకు నవ్వు తెప్పిస్తాయి. ఆ నవ్వులో ప్రేమ కూడా ఉన్నది. ఎందువల్లననగా మెలియెస్ మనలను నమ్మించాలని ప్రయాసపడలేదు, ఆడుకొందాం రమ్మని పిలిచాడు.

తరువాతి వారిలో చాలామంది నమ్మించడానికి పూనుకొన్నారు. అందుకు యంత్రాలను నమ్ముకొన్నారు. యంత్రానికి ఒక శాపం ఉన్నది. అది తయారైన నాటి నుంచే పాతబడసాగుతుంది. రేపటి యంత్రమని తెరమీద చూపినది ఇరవై ఏళ్ళకు నిన్నటి బొమ్మ అవుతుంది. పాతబడనిది యంత్రం ఎదుట నిలిచిన మనిషి. ఫ్రిట్జ్ లాంగే 1927లో తీసిన 'మెట్రోపోలిస్'లో ధనికులు నేలమీద ఆకాశ హర్మ్యాలలోనూ, కార్మికులు నేలమాళిగలలోనూ నివసిస్తారు. ఒక ప్రమాద సమయంలో కథానాయకుని కళ్ళకు ఆ మహాయంత్రం నోరు తెరిచిన రాక్షస దేవతగా కనపడుతుంది. కార్మికులు వరుసలు కట్టి ఆ నోటిలోనికి పోతారు. ఆ యంత్రం ఎట్లా పనిచేస్తుందో మనకు తెలియదు, తెలియనక్కరలేదు. అది ఎవరిని తింటున్నదో తెలిసినది.

1968లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' ఈ తరగతిలో శిఖరమని చాలామంది ఒప్పుకొంటారు. చిత్రం పేరులోని సంవత్సరం వచ్చి వెళ్ళిపోయినది. అందులో ఊహించిన చంద్రగ్రహ నివాసాలు రాలేదు. అయినా చిత్రం పాతబడలేదు. మొదటి ఇరవై నిమిషాలకు పైగా ఒక్క సంభాషణ అయినా లేదు. మానవజాతి కంటె ఉన్నతమైన ఏదో ఒక మేధ ఉన్నదని కథ సూచిస్తుంది. ఆ మేధ రూపాన్ని తెరమీద చూపడానికి కుబ్రిక్ యత్నాలు చేసి, చివరకు విరమించుకొన్నాడు. చూపినది ఒక నల్లని రాతి పలక మాత్రమే. ఆ పలక ఎదుట ఆదిమానవుల భయం, తరువాత శాస్త్రజ్ఞుల తడబాటు చూపాడు. ఆ విరమణలోనే ఆయన ప్రజ్ఞ ఉన్నది. చూపి ఉంటే ఈపాటికి అది కూడా ఒక మెలియెస్ చందమామ అయ్యేది; అయితే ఆ ప్రేమ లేకుండా.

రష్యన్ దర్శకుడు ఆంద్రేయ్ తార్కోవ్‌స్కీ 1972లో, పోలిష్ రచయిత స్టానిస్లావ్ లెమ్ నవల ఆధారంగా 'సొలారిస్' తీశాడు. ఒక దూర గ్రహం మీద సముద్రం ఉన్నది. దానికి ఆలోచన ఉన్నది. అది తన వద్దకు వచ్చిన మనుష్యుల అంతరంగంలోని జ్ఞాపకాలకు శరీరాలు ఇచ్చి పంపుతుంది. కథానాయకుని ఎదుటికి ఎన్నడో ఆత్మహత్య చేసుకొన్న భార్య వచ్చి నిలుచుంటుంది. అంతటి దూరం పోయినది తన పాత తప్పును తానే ఎదుర్కొనడానికా అన్న ప్రశ్న చూచేవారిని పట్టి కుదుపుతుంది. ఇంకా క్లుప్తమైన ఉదాహరణ కావాలంటే, క్రిస్ మార్కర్ 1962లో తీసిన 'లా జెతే' ఉన్నది. కాలంలో వెనుకకు ప్రయాణించే మనిషి కథ. నిడివి 28 నిమిషాలు. దాదాపు మొత్తం కదలని ఛాయాచిత్రాలతో కూర్చినది. ఒకే ఒక్క చోట బొమ్మ కదులుతుంది: పడుకొని ఉన్న స్త్రీ కళ్ళు తెరుస్తుంది. కాలయంత్రాన్ని నిర్మించడానికి వ్యయమయ్యే ధనమంతా పోసినా ఆ కనురెప్పల కదలిక ఇచ్చే విస్మయం దొరకదు.

మన తెలుగు ప్రేక్షకునికి ఈ సంగతి 1957 నాటికే అనుభవంలో ఉన్నది. కె.వి.రెడ్డి 'మాయాబజార్'లోని ప్రియదర్శిని పేటికను గుర్తుకు తెచ్చుకొనండి. తెరిచినవారికి ప్రియమైనది అందులో కనపడుతుంది. అది ఏ విద్యతో పనిచేస్తుందని ఎవరూ అడగలేదు. శశిరేఖకు అభిమన్యుడూ, బలరామునికి దుర్యోధనుడూ, శ్రీకృష్ణునికి శకునీ కనపడడం చూచి ప్రేక్షకులు పేటికను నమ్మారు; ఎందుకంటే ఆ మనుష్యులను నమ్మారు. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన 'ఆదిత్య 369'లో కాలయంత్రం శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, భవిష్యత్తుకూ పోతుంది. అందులోనూ మనస్సుకు హత్తుకొనేది యంత్రం కాదు. ఈనాటి మనిషి రాయల సభలో నిలుచుని, తాను చదువుకొన్న చరిత్ర తనవంక చూస్తుంటే తబ్బిబ్బు కావడం.

'సొలారిస్' చివరి దృశ్యంలో కథానాయకుడు తండ్రి పాదాల వద్ద మోకరిల్లుతాడు. రెంబ్రాంట్ చిత్రించిన తప్పిపోయిన కుమారుని వర్ణచిత్రం ఆ భంగిమలో స్పష్టంగా గోచరిస్తుంది. వైజ్ఞానిక కల్పన ఆ విధంగా బైబిలు ఉపమానంలోనికి దారితీసినది. మనం కూడా అదే దారిని మూడవ తరగతికి వెళ్ళవచ్చును.

క్రైస్తవ చిత్రాలు మనకు దూరమైనవని భావించడం సరికాదు. భారతీయ చలనచిత్రం పుట్టుకలోనే వాటి పాత్ర ఉన్నది. 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీసిన దాదాసాహెబ్ ఫాల్కే, అంతకు కొన్నేళ్ళ ముందు బొంబాయిలో క్రీస్తు జీవితాన్ని గురించిన ఒక మూకీ చిత్రం చూచి, మన శ్రీకృష్ణుడూ శ్రీరాముడూ ఈ విధంగా తెరమీదికి ఎన్నడు వస్తారా అని తపించిపోయినట్లు తానే వ్రాసుకొన్నాడు. తెలుగువారి పౌరాణిక చిత్ర సంపద అంతటికీ ఆ తపనే బీజం.

ఈ తరగతికి ఉన్న ఇబ్బంది మిగిలిన రెండింటికీ లేదు. ఇక్కడ కథ లోకానికి తెలిసినదే, ముగింపు తెలిసినదే. విశ్వాసి అయిన ప్రేక్షకునికి రుజువు అక్కరలేదు. అవిశ్వాసికి తెరమీది రుజువు చాలదు. సముద్రం రెండుగా చీలడం చూచి ఎవరూ మతం పుచ్చుకొనరు. ఎంత బాగా తీశారని మెచ్చుకొంటారు. అందువల్ల ఆడంబరాన్ని నమ్ముకొన్న చిత్రాలు భక్తి పేరిట ఇంద్రజాలాన్ని అమ్మవలసివచ్చినది. 1965లో జార్జ్ స్టీవెన్స్ తీసిన 'ది గ్రేటెస్ట్ స్టోరీ ఎవర్ టోల్డ్'లో ప్రసిద్ధ నటులు చిన్న చిన్న పాత్రలలో వరుసగా దర్శనమిస్తారు. శిలువ వద్ద రోమన్ అధికారిగా జాన్ వేన్ నోరు విప్పగానే, ప్రేక్షకుని మనస్సు యెరూషలేము విడిచి అమెరికా పశ్చిమ భూములలోని గుర్రాల మీదికి పోతుంది. దేవుని కుమారుణ్ణి చూడవలసిన చోట నటుణ్ణి చూస్తాము.

భారీ చిత్రమైనా ఈ చిక్కును విడదీయగలిగినది 1959 నాటి 'బెన్‌హర్'. విలియం వైలర్ దర్శకత్వం వహించిన ఆ చిత్రానికి 11 ఆస్కార్ బహుమతులు వచ్చినవి. రథాల పందెం గురించి అందరూ చెప్పుకొంటారు. నా మట్టుకు నిలిచిన దృశ్యం వేరు. బానిసగా సంకెళ్ళతో నడిపించుకొనిపోతున్న బెన్‌హర్ నజరేతు వద్ద దప్పికతో పడిపోతాడు. రోమన్ అధికారి అతనికి నీరు ఇవ్వరాదని శాసిస్తాడు. ఒక వ్యక్తి వచ్చి నీరు పోస్తాడు. అధికారి అదలించబోయి, లేచి నిలిచిన ఆ వ్యక్తి ముఖం చూచి, మాట రాక, కొరడా పట్టుకొన్న చేతితోనే వెనుదిరుగుతాడు. క్రీస్తు ముఖం మనకు చూపలేదు. చిత్రం మొత్తంలో ఎక్కడా చూపలేదు. మనం చూచినది ఒక కఠినుని ముఖంలో వచ్చిన మార్పు. ఆ ముఖం ఎటువంటిదో అంతకంటె బాగా ఏ నటుడు చూపగలడు?

దీనికి ఎదురుగా ఇటలీ దర్శకుడు పసోలినీ క్రీస్తు ముఖాన్ని సూటిగా చూపి కూడా నెగ్గాడు. 1964 నాటి ఆయన 'మత్తయి సువార్త' చిత్రంలో నటులు వృత్తి కళాకారులు కారు. క్రీస్తుగా ఒక స్పానిష్ విద్యార్థి, వృద్ధురాలైన మరియగా దర్శకుని సొంత తల్లి, మిగిలినవారు చాలావరకు దక్షిణ ఇటలీ పల్లెవాసులు. సంభాషణలు సువార్త పాఠం నుంచి తీసుకొన్నవి. పసోలినీ మార్క్సిస్టు, విశ్వాసి కాడు. చిత్రాన్ని మాత్రం అంతకు ముందు ఏడాది మరణించిన పోపు ఇరవై మూడవ జాన్‌కు అంకితమిచ్చాడు. ఇది నా సూత్రానికి భంగమా అని ఆలోచించాను. కాదని తోచినది. పసోలినీ కెమెరా మహిమల మీద నిలవదు. వినేవారి ముఖాల మీద, పండ్లూడిన ముసలివారి మీద, ఎండకు కమిలిన రైతుల మీద నిలుస్తుంది. ఆ వాక్కు ఎవరి కోసం వచ్చినదో వారిని చూపాడు. కుమారుని శిలువ వద్ద కూలిపోయే ఆ తల్లి ఏ మతం తల్లి అని ఎవరడుగుతారు?

డెన్మార్కు దర్శకుడు కార్ల్ డ్రెయర్ ఈ మార్గంలో అందరికంటె దూరం నడిచాడు. 1431లో జరిగిన విచారణ రికార్డులను ఆధారం చేసుకొని 1928లో ఆయన తీసిన జోన్ ఆఫ్ ఆర్క్ మూకీ చిత్రం దాదాపు మొత్తం ముఖాలే. ఫాల్కొనెట్టి అనే నటి, రంగు పూయని ముఖంతో, న్యాయాధిపతుల ప్రశ్నలకు కన్నీటితో జవాబులిస్తుంది. ఆమెకు వినపడిన దేవదూతల స్వరాలు మనకు వినపడవు. ఆ చిత్రపు మూల ప్రతి అగ్నిప్రమాదంలో నశించినది. 1981లో ఓస్లో నగరంలోని ఒక మానసిక వైద్యాలయంలో పాత ప్రతి ఒకటి బయటపడినది. 1955 నాటి ఆయన 'ఓర్డెట్' మరింత సాహసం. ఆ పేరుకు 'వాక్కు' అని అర్థం. నాజీల చేత 1944లో హతుడైన కాయ్ ముంక్ అనే పాదిరీ వ్రాసిన నాటకం దానికి మూలం. ప్రసవంలో మరణించిన గృహిణి చివరి దృశ్యంలో లేచి కూర్చుంటుంది. మహిమను నేరుగానే చూపాడు కదా అనవచ్చును. కాని ఆ దృశ్యానికి ముందు రెండు గంటల సేపు ఒక రైతు ఇంటి కాఫీ గిన్నెలూ, మత భేదం వల్ల ఆగిపోయిన పెళ్ళీ, మామగారి మొండితనమూ, కోడలి చల్లని నవ్వూ చూపాడు. ఆ ఇల్లు ఆమె లేనిదే నిలువదని మనకు నిశ్చయంగా తెలిసిన తరువాత, ఆమె లేవాలని మన హృదయమే కోరుకొంటుంది. మెరుపు లేదు, మేఘగర్జన లేదు. తెల్లని గది, గుండెలవిసిన భర్త, తల్లి లేస్తుందని నమ్మిన చిన్న కూతురి చిరునవ్వు.

ఉత్కంఠ చిత్రానికీ క్రైస్తవ చిత్రానికీ మధ్య గోడ లేదనడానికి హిచ్‌కాక్ 1953లో తీసిన 'ఐ కన్ఫెస్' చాలును. ఒక హంతకుడు గురువు వద్ద పాపోచ్చారణ చేస్తాడు. ఆ రహస్యం బయటపెట్టరాదని గురువుకు ధర్మనియమం. చివరకు హత్యానేరం ఆయన మీదికే వస్తుంది. హంతకుడెవడో మనకు మొదటనే తెలుసు. ఒక మనిషి మౌనం ఎంతవరకు భరించగలదన్నదే ఉత్కంఠ. విశ్వాసం ఇక్కడ ప్రసంగం కాలేదు, బరువు అయినది.

2004లో మెల్ గిబ్సన్ తీసిన 'ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్' అరామిక్, లాటిన్, హీబ్రూ భాషలలో నడుస్తుంది. ఆ భాషా నిష్ఠ మెచ్చదగినది. అయితే కొరడా దెబ్బలను అది అదే పనిగా చూపుతుంది. కొంత సేపటికి ప్రేక్షకుడు బాధను అనుభవించడం మాని, దెబ్బలను లెక్కించడం మొదలుపెడతాడు. కన్ను నిండిపోయినచోట మనస్సుకు చోటు ఉండదు. భిన్నాభిప్రాయం ఉన్నవారు అనేకులు ఉన్నారు. ఆ చిత్రం చూచి విలపించినవారి కన్నీటిని నేను తక్కువ చేయడం లేదు. ఆ కన్నీరు చాలావరకు వారు తమ వెంట తెచ్చుకొన్న విశ్వాసం నుంచి వచ్చినదని మాత్రం నా అభిప్రాయం.

తెలుగువారికి ఈ కోవలో 'కరుణామయుడు' ఉన్నది. భీమ్‌సింగ్ దర్శకత్వంలో, విజయచందర్ క్రీస్తుగా నటించగా 1978లో వచ్చిన ఆ చిత్రం ఊరూరా ప్రదర్శితమైనది. అందులో పౌరాణిక చిత్రాల బాణీ కొట్టవచ్చినట్లు కనపడుతుంది; కొన్ని మహిమలు కేవలం మహిమలుగానే మిగిలిపోయినవి. అయినప్పటికీ క్రీస్తు తెలుగు మాట మాట్లాడడం, ఆయన చుట్టూ చేరిన దీనుల ముఖాలు మన వీధులలో చూచే ముఖాలు కావడం, ఆ చిత్రానికి గొప్ప బలం. పల్లెటూరి ప్రేక్షకుడు మొక్కినది తెరమీది కాంతిచక్రానికే కాదు, తనవంటి వానిని ముట్టుకొన్న చేతికి.

ఇప్పుడు ఈ చర్చ వల్ల రచయితలకు ఒరిగేదేమిటి? ఆనందవర్ధనుడు తొమ్మిదవ శతాబ్దిలో ధ్వని అన్న పేరుతో ప్రతిపాదించినది మనకు కంఠస్థం. చెప్పదలచినదానిని చెప్పక స్ఫురింపజేయడం కావ్యానికి ఆత్మ అని పాఠం చెబుతాము. తీరా కలం పట్టినప్పుడు హత్య అయితే గాయాలనూ, భవిష్యత్తు అయితే యంత్రాలనూ, దైవం అయితే కాంతినీ వర్ణిస్తాము. కెమెరా వంటి సర్వమూ చూపగల సాధనమే, అందులో ప్రవీణులైనవారి చేతిలో, చూపడం మానుకొన్నది. మాట సహజంగానే చూపలేనిది. అది ఎందుకు కెమెరాతో పోటీకి దిగాలి?

మన వాఙ్మయంలో దీనికి దీటైన లక్ష్యం లేకపోలేదు. గుర్రం జాషువ 'క్రీస్తు చరిత్ర' కావ్యానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి లభించినది; క్రీస్తు కథ తెలుగు పద్యంలో ఒదిగి జాతీయ గౌరవం పొందినది. కాని నేను ఇక్కడ స్మరించదలచినది ఆయనదే, 1941లో వెలువడిన 'గబ్బిలం'. ఆలయ ప్రవేశం లేని ఒక అంటరానివాడు తన గోడును కాశీ విశ్వనాథునికి విన్నవించమని గబ్బిలాన్ని వేడుకొంటాడు. ఎందుకంటే ఆ ప్రాణికి గుడిలోనికి పోవడానికి అడ్డు లేదు. దేవుడు ఆ కావ్యంలో ప్రత్యక్షం కాడు. కనపడేది ఆకలిగొన్న మనిషీ, అతని చీకటి గుడిసెలో తిరుగాడే గబ్బిలమూ. ఆ మొర వింటాడో వినడో అన్నది ఉత్కంఠ. మనిషికీ గుడికీ మధ్య ద్వారం తెరిచి ఉండే లోకం ఒకటి రాగలదా అన్నది కల్పన. వింటాడని నమ్మి మాట్లాడడం విశ్వాసం. మూడు తరగతుల చిత్రాలు వేరువేరుగా వెదకినది జాషువ ఒక్కచోట పట్టుకొన్నాడు.

కాబట్టి అపరాధ కథ వ్రాసే యువ రచయిత శవాన్ని వర్ణించే ముందు, ఆ ఇంట ఎవరి పళ్ళెం ఖాళీగా ఉన్నదో చూచుకొనవలెను. వైజ్ఞానిక కథ వ్రాసేవారు యంత్రాన్ని బిగించే ముందు, దాని ఎదుట నిలుచునే మనిషి తన వెంట ఏ జ్ఞాపకాన్ని తెచ్చుకొన్నాడో తెలుసుకొనవలెను. భక్తి రచన చేసేవారు, ఏ మతం వారైనా సరే, దైవాన్ని వర్ణించే ముందు దప్పికగొన్నవానికి నీరు పోసే చేతిని వర్ణించడం అలవరచుకొనవలెను. తక్కినది పాఠకుడు చూచుకొంటాడు. అతనికి ఆ శక్తి ఉన్నదని నమ్మడం రచయిత చేయవలసిన మొదటి పని.